సాక్షిని నమ్మని గుడ్రున్

గుడ్రున్‌కున్న జబ్బు ఒక్కటే: పరీక్షించందే దేన్నీ నమ్మదు. ఉప్సాలా నగరంలోని ఒక మెదడు పరిశోధనశాలలో అందరికన్నా సీనియర్ ఆవిడ. కుర్చీని ఊపి చూడందే కూర్చోదు. కాఫీ వేళకి ఎవరైనా దాల్చినచెక్క బన్ను తెస్తే తిరగేసి అడుగు చూస్తుంది, వాసన చూస్తుంది, అప్పుడు నిలదీస్తుంది.

"ఎందుకు తెచ్చావు?"

"నా పుట్టినరోజండీ."

"రుజువేదీ?"

ఇక యాంటీబాడీలంటే చెప్పనే అక్కర్లేదు. మెదడు ఎదిగేటప్పుడు కణాలకు దారి చూపే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని వెతికి పట్టుకుని, పచ్చగా వెలిగి, 'ఇదిగో, ఇక్కడుంది' అని సాక్ష్యం చెప్పడమే యాంటీబాడీ పని. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుందని దాని సీసాకు రేకు చుట్టి ఫ్రిజ్‌లో దాస్తారు.

"నిజం చెప్పేవాడికి ముసుగెందుకు?" అని గుడ్రున్ సణుగుడు.

పిహెచ్‌డి చేస్తున్న టూవా చదువంతా ఆ పచ్చవెలుగు మీదే నిలబడింది. శుక్రవారం థీసిస్ అచ్చుకు పోవాలి. బుధవారం చూస్తే ఫ్రిజ్‌లో సీసా మాయం!

"నా సీసా మీరు గానీ తీశారా?"

"తీశాను," గుడ్రున్ తొణకలేదు.

"దొంగతనం కాదూ అది?"

"దొంగను పట్టుకోవడానికే తీశాను. రా, చూడు."

మైక్రోస్కోప్ కింద ఎలుక మెదడు ముక్క, నిండా పచ్చటి వెలుగు.

"అబ్బ, ఎంత బాగుందో!"

"బాగానే ఉంటుంది. ఈ ఎలుకకి ఆ ప్రోటీన్ పుట్టుకతోనే లేదు."

టూవా మైక్రోస్కోప్ మీంచి తలెత్తింది. లేనిదాన్ని ఉందని చెప్పే సీసాను కళ్ళు మూసుకుని నమ్మింది! ఇన్నేళ్ళ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరేనా? ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆగవమ్మా, ఏడవడానికంత తొందరేం?" గుడ్రున్ ఇంకో గాజుపలక పెట్టింది. "ఇవి నువ్వు కోసిన ముక్కలే, యాంటీబాడీ మాత్రం వేరు. దీన్ని ఏడాదిగా సతాయిస్తున్నాను, ఒక్క అబద్ధమూ ఆడలేదు."

టూవా భయంభయంగా కన్ను ఆనించింది. తను థీసిస్‌లో రాసిన కణాల్లోనే వెలుగు. ఈసారి అక్కడ మాత్రమే.

"నువ్వు చెప్పింది నిజమే పిల్లా. నీ సాక్షే అబద్ధాలకోరు. బొమ్మలన్నీ మళ్ళీ తీసిపెట్టాను, మార్చుకో."

"అన్నీనా? మీరెందుకంత శ్రమ..."

"రేపు నిండు సభలో ఎవడో పట్టుకుంటే నీ పరువేం కాను?"

టూవా ఆవిడను గట్టిగా వాటేసుకుంది. గుడ్రున్ కర్రలా బిగుసుకుపోయింది.

"ఇంకా ఏం కావాలి నీకు?"

అచ్చయిన థీసిస్‌ను అక్కడి ఆనవాయితీ ప్రకారం విశ్వవిద్యాలయం గోడకున్న చెక్కకు మేకుతో కొడతారు. టూవా సుత్తి ఎత్తి మేకు దిగ్గొట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు, గుడ్రున్ తప్ప. ఆవిడ ముందుకొచ్చి మేకును బలంగా లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. కదల్లేదు.

అప్పుడు కొట్టింది చప్పట్లు.