మంచి మనిషి, చెడ్డ మైకు

పినపాక చుట్టుపక్కల తుల్సీరాం మైకుసెట్టు గురించి ఎవర్నడిగినా ఒకటే మాట చెబుతారు: మనిషి బంగారం, మైకు దరిద్రం. పాటలు పెడితే ఆ హారన్లు నాలుగూళ్లకు వినిపిస్తాయి. మనిషి మాట్లాడటం మొదలుపెట్టాడా, 'కుయ్' మని మూలిగి ప్రాణం విడుస్తాయి.

హెడ్మాస్టరు వెంకటేశ్వరరావు గారి పదవీ విరమణ సభనే తీసుకోండి. ముప్పైయేళ్లు ఆయన గొంతెత్తితే బడి కప్పు మీది కోతులు దిగి పారిపోయేవి. ఆరోజు మాత్రం 'సభకు నమస్కారం' అని మూడుసార్లు అన్నారు. నాలుగోసారికి మైకు పోయింది. తుల్సీరాం టెస్టరు పట్టుకుని వంగి, వైర్లు పీకి, ఊది, మళ్లీ పెట్టి మూడు నిమిషాలు తిప్పలు పడ్డాడు. ఈలోగా సారు నీళ్లు తాగి, జేబులో కాగితం ఒకసారి చదువుకుని, ఆపైన గంటసేపు దంచారు. దిగుతూ దిగుతూ, "నీ మైకు నా ఊపంతా చెడగొట్టింది గదరా," అన్నారు.

"అవ్ సార్. వైరు పాతది," అన్నాడు తుల్సీరాం.

పంచాయతీ కార్యదర్శి శ్యామలకు అతని మైకంటే ఒళ్లుమంట. ఉద్యోగంలో చేరాక తను మాట్లాడిన మొదటి సభలోనూ అదే కుయ్. ఈసారి గ్రామసభకు పెద్దాఫీసరు వస్తున్నాడు.

"అన్నా, ఇయ్యాల గూడ మైకు పోయిందంటే, వచ్చేసారి మణుగూరు నుంచి వేరేది తెప్పిస్త," అని ముందే చెప్పింది.

"తెప్పించుండ్రి మేడం. వైరే పాతది," అన్నాడతను వినయంగా.

సభలో మాట్లాడాల్సింది జంపక్క. వాగవతలి కోయగుంపు మనిషి. వాగు మీద కల్వర్టు కావాలి. పోయిన వానల్లో నెలలు నిండిన కోడల్ని మంచం మీద మోసి వాగు దాటించారు. ఆఫీసరు వినేది ఇవాళే, మళ్లీ ఏడాదిదాకా ఇటు రాడు. ఇప్పపూల కాలంలో ఎలుగుబంటిని కట్టెతో అదిలించిన జంపక్క, మైకు ముందు నిలబడి నాలుగు వందల కళ్లు చూసి బిగుసుకుపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

కుయ్.

"పాయె. మళ్ల సచ్చింది," అని సభంతా తుల్సీరాం మీద పడింది. శ్యామల విసవిసా వేదిక వెనక్కి నడిచింది. ఆంప్లిఫయరు లక్షణంగా ఉంది. దాని స్విచ్చు మీద తుల్సీరాం కాలి బొటనవేలు ఉంది.

"ఏందన్నా ఇది?"

"మెల్లగ మేడం. ఆమె మోకాళ్లు చూడుండ్రి." టెస్టరు వెతుక్కుంటూ అన్నాడు. "మైకు చెడితే నన్ను తిడతరు. మనిషి తడబడితే నవ్వుతరు. తిట్లు నాకు అలవాటే."

"అందరికీ గిట్లనే చేస్తవా?"

"ఇరవై ఏండ్ల సంది ఎనక కూసోని కాళ్లే చూస్తున్న. పదిమందిల తొమ్మిదిమందికి వణుకుతయి. వణకని ఆ ఒక్కడితోనే మనకు తిప్పలు."

శ్యామలకు తన మొదటి సభలో వచ్చిన కుయ్ గుర్తొచ్చింది. ఈ దడ తన ఒక్కదానికే అనుకుని ఇన్నాళ్లూ దాచుకుంది. హెడ్మాస్టరుకూ ఉందన్నమాట. ఎలుగును అదిలించిన మనిషికీ ఉందన్నమాట. ఎవరికి వాళ్లు దాచుకోబట్టే ఎవరికీ లేనట్టు కనిపిస్తోంది.

"జర స్విచ్చు చూసుకోండ్రి," అని తుల్సీరాం వెళ్లి జంపక్క ముందు వైరు విప్పడం మొదలుపెట్టాడు.

"మైకు సచ్చిందక్కా, ఎవరికీ వినపడదు. వాగు ఎంత లోతొచ్చింది అప్పుడు?"

"గింత తమ్మీ." జంపక్క ఛాతీ మీద చెయ్యి పెట్టింది. "మంచం నెత్తిన పెట్టుకున్నం. కోడలు నొప్పులకు అరవలే, మంచం ఊగుతదని."

"గదే మాట ఆ సారుకు చెప్పు. నన్ను చూసుకుంటనే చెప్పు."

అతను శ్యామలకేసి తలూపాడు. శ్యామల స్విచ్చు వేసింది.

జంపక్క చెప్పింది. కిసుక్కుమన్న గొంతు మళ్లీ వినపడలేదు. ఆఫీసరు ఫోను పక్కన పెట్టి, మంగళవారం వాగు దగ్గరికి తనే వస్తానని చెప్పి, ఆ మాట తీర్మానంలో రాయించాడు.

చివర్లో వందన సమర్పణ శ్యామలది. కాగితం విప్పింది. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. "సభకు..." అంది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

కుయ్.

"దరిద్రపు మైకు," అని అందరికంటే ముందు తిట్టింది శ్యామలే. తిట్టి, తీరిగ్గా నీళ్లు తాగింది.