గోనెసంచిలో పెళ్లికొడుకు: ఘాలా నుంచి సమాయిల్ దాకా

సమాయిల్ ఖర్జూరపు తోటలు చూడాలని నాకు ఒమాన్ వెళ్లిన మొదటి ఏడు నుంచే కోరిక. ఘాలాలో మా కంపెనీ క్యాంపు చుట్టూ గ్యారేజీలు, గోడౌన్లు, ఇనుము కోసే చప్పుడు తప్ప పచ్చటి ఆకు కనిపించేది కాదు. తొంభైల మొదట్లో, ఎండలు ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో, నాకు వారం మధ్యలో ఒక సెలవు దొరికింది. సరిగ్గా అదే రోజు మా రూమ్‌లో ఉండే బాషా భాయ్ సమాయిల్ వెళుతున్నాడు. కడప మనిషి, తన అర్బాబ్ పికప్ నడుపుతాడు. అర్బాబ్ అంటే అక్కడ యజమాని. "తోటలు సూపిస్తా పా మూర్తీ, బండిలో ఊరికే కూర్చుంటే సాలు" అన్నాడు. ఊరికే కూర్చునే పని అంటే నాకు మహా ఇష్టం, వెంటనే ఒప్పుకున్నాను.

బాషా భాయ్ వెళ్లేది తోటల కోసం కాదు, ఒక టైరు అప్పజెప్పడానికి. దీని వెనకాల కథ కొంచెం చెప్పాలి. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఏటేటా చేయించే తనిఖీని అక్కడ అందరూ పాసింగ్ అనేవారు. లైట్లు, బ్రేకులు, హారన్ చూసి, నాలుగు టైర్లూ చూసి, ఆపైన స్టెప్నీ, జాకీ ఉన్నాయా అని అడుగుతారు. స్టెప్నీ నున్నగా అరిగిపోయి ఉంటే బండి వెనక్కి పంపేస్తారు. మా క్యాంపు చుట్టుపక్కల మనవాళ్లు నడిపే పికప్‌లన్నీ ఒకే రకం కాబట్టి, ఒకరి చక్రం ఇంకొకరికి పడుతుంది. అందుకని డ్రైవర్లంతా తలా కొంత వేసుకుని ఒక మంచి స్టెప్నీ కొన్నారు. ఎవరి పాసింగ్ వస్తే వాళ్ల బండి ఎక్కుతుంది, పాసయ్యాక దిగి గోనెసంచిలో దూరి బాషా భాయ్ మంచం కింద పడుకుంటుంది. దానికి నేల తగలకూడదని బాషా భాయ్ నియమం. అందరూ దాన్ని పెళ్లికొడుకు అని పిలిచేవారు.

ఆ రోజు పెళ్లికొడుకు అవసరం రాజయ్యకు పడింది. కరీంనగర్ జిల్లా వాడు, సమాయిల్‌లో ఒక తోటలో పార పట్టి పని చేసేవాడు. ఎన్నోసార్లు తప్పి చివరికి లైసెన్స్ సంపాదించాడు. తోట అర్బాబ్ పాత పికప్‌కు నాలుగు టైర్లు కొత్తవి వేయించి, "ఇది పాసయితే స్టీరింగ్ నీది, లేకపోతే పార నీది" అన్నాడట. స్టెప్నీ సంగతేమిటని అడిగితే, ఘాలా పెళ్లికొడుకు ఉన్నాడన్న ధైర్యంతో, అది నేను చూసుకుంటానని రాజయ్య మాట ఇచ్చేశాడు. అక్కడి పాసింగ్ యార్డు మధ్యాహ్నానికి మూసేస్తారు. బండి కాగితాలకు అదే ఆఖరి రోజు.

తెల్లవారగానే బయలుదేరాం. మీరు ఈ దారిన వెళ్లదలిస్తే ఘాలా నుంచి సీబ్ వైపు వచ్చి, పెద్ద గడియార స్తంభం ఉన్న రౌండెబౌట్ దగ్గర నిజ్వా రోడ్డు పట్టుకోండి. సమాయిల్‌కు గంటంబావు చాలు. సొంత బండి లేనివాళ్లకు తెలుపూ నారింజా రంగుల షేర్ టాక్సీలు ఉండేవి, రియాలు, రియాలున్నర తీసుకునేవారు. సముద్రం వెనకబడగానే రెండు పక్కలా గోధుమరంగు కొండలు మొదలవుతాయి. ఫంజా దగ్గర ఆగి, మట్టికుండలు అమ్మే దుకాణాల పక్కన పాలు ఎక్కువ పోసిన టీ వంద బైసలకు తాగాం. గుట్ట మీద పాత బురుజు, కింద తోటలు. చాలా బాగుంది, ఇంకాసేపు ఉందామన్నాను. "పాసింగ్ అయినాక సూద్దువులే" అని బాషా భాయ్ బండి తీశాడు.

ఫంజా దాటి ఎంతో దూరం పోకముందే వెనక ఎడమ టైరు పంచరయింది. బాషా భాయ్ ఏమాత్రం కంగారు పడకుండా దిగి, బండి కింద వేలాడే తన సొంత స్టెప్నీ విప్పాడు. అది కిందపడి మెత్తగా అణిగిపోయింది. వేలు పెట్టి నొక్కితే అంచు ఇనుముకు తగులుతోంది.

"దీంట్లో గాలి ఎప్పుడు కొట్టించావు భాయ్?"

"పెళ్లికొడుకు ఉండాడు కదా అని దీని మొకం ఎవురు సూసినారప్పా" అన్నాడు.

ఆయన ఒక్కడే కాదు, మా క్యాంపులో ఎవరి బండి కిందా పనికొచ్చే స్టెప్నీ లేదని అప్పుడు తెలిసింది. పాసింగ్‌కు మాత్రం అందరి బండ్లూ నిక్షేపంగా పాసయ్యేవి. నాకు నవ్వొచ్చింది గానీ బాషా భాయ్ మొహం చూసి మింగేశాను. ఆయన గోనెసంచి వైపు చూస్తాడు, రోడ్డు వైపు చూస్తాడు. కొండ రోడ్డు, గరుకు కంకర. పెళ్లికొడుకు మీద ఒక్క గీత పడినా రూమ్‌లో అందరికీ జవాబు చెప్పుకోవాలి.

"మనం ఇక్కడే నిలబడితే రాజయ్య రేపు పార పడతాడు భాయ్" అన్నాను.

ఆయన సంచి మూతి విప్పి, పెళ్లికొడుకును బయటికి దొర్లించి, పంచరయిన చక్రం చోట బిగించాడు. అంతవరకూ ఎనభైలో ఎగిరిన మనిషి ఆ తర్వాత గుడ్ల బుట్ట మోస్తున్నట్టు నడిపాడు. ఖర్జూరపు లారీలు కూడా మమ్మల్ని దాటిపోతుంటే నాకు ఒళ్లు మండింది.

యార్డు గేటు బయట రాజయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూనె పెట్టి దువ్విన తలతో నిలబడి ఉన్నాడు. అతని బండి అప్పటికే రేకుల పందిరి కింద వరుసలో ఉంది. "అన్నా, ఇంకా ఇద్దరే ఉన్నరు నా ముంగట" అన్నాడు. మా బండి కింద జాకీ పెట్టి పెళ్లికొడుకును ఊడదీశాం. బిగించడానికి పరిగెడుతూ రాజయ్య ఆగి, "భాయ్, జాకీ గూడ జూపియ్యాలట" అన్నాడు. సరేనని మా బండి కింద రాళ్లు పేర్చి జాకీ కూడా ఇచ్చేశాం. అరువు సొమ్ము బరువు చేటు అని మన పెద్దలు అన్నది నగల గురించి. మూడు చక్రాల మీద ఒరిగిన మా పికప్‌ను చూస్తే అది టైర్లకూ వర్తిస్తుందనిపించింది.

తనిఖీ అధికారి నడివయసు బలూచీ. హిందీ మనకంటే శుభ్రంగా మాట్లాడాడు, నేను తెలుగులో చెబుతున్నాను. లైట్లు బాగున్నాయన్నాడు. బ్రేకులు బాగున్నాయన్నాడు. వంగి బండి కింద స్టెప్నీ మీద అరచెయ్యి వేసి, చటుక్కున తీసేశాడు.

"ఇదేమిటి, ఇంత వేడిగా ఉంది?"

"ఎండ సార్" అన్నాడు బాషా భాయ్.

"ఎండ బండి కిందికి కూడా దూరిందా? ఈ బండి పొద్దుటి నుంచీ నీడలోనే ఉంది."

బాషా భాయ్ దగ్గర ఇంకో జవాబు సిద్ధంగా ఉందని నాకు తెలుసు. ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. కానీ రాజయ్య ముందే నోరు తెరిచాడు. వచ్చీరాని హిందీలో, ఇది తనది కాదనీ, ఘాలా నుంచి దోస్తులు తెచ్చారనీ, దారిలో వాళ్లకు పంచరయితే దీని మీదే వచ్చారనీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ తన చేతుల కాయలనే చూసుకుంటున్నాడు. పోయింది, స్టీరింగ్ పోయిందనుకున్నాను.

అధికారి గేటు దాకా నడిచి, రాళ్ల మీద ఉన్న మా బండిని కాసేపు చూసి వచ్చాడు.

"బండికో స్టెప్నీ ఉండాలన్నది రూలు. నాకు చూపించడానికి కాదు. ఇప్పుడు సరిగ్గా చెప్పండి, ఈ టైరు ఎవరిది? నీదంటే విప్పుకుని పో, ఇతని బండి ఫెయిలు. ఇతనిదంటే పాస్ చేస్తాను. కానీ ఇది మళ్లీ ఈ బండి కింద నుంచి కదలకూడదు."

అడిగింది బాషా భాయ్‌ని. ఆ టైరులో ఆయన వాటా కొంతే, మిగతాది రూమ్‌లో అందరిదీ. వచ్చే నెలే ఆయన బండికీ పాసింగ్ ఉంది. అన్నీ తెలిసిన రాజయ్య "వద్దు భాయ్, నీది నువ్వు దీస్కపో, నాకు పార అలవాటే" అన్నాడు, తెలుగులో, మెల్లగా.

బాషా భాయ్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "వీనిదే సార్" అన్నాడు.

అధికారి కాగితం మీద సంతకం చేసి రాజయ్య చేతిలో పెట్టాడు.

గేటు బయట మా బండి ఇంకా రాళ్ల మీదే ఉంది. పంచరయిన చక్రాన్నీ, గాలిలేని మా పాత స్టెప్నీనీ రాజయ్య తన పికప్ వెనక వేసుకుని, డ్రైవర్ తలుపు తెరిచి, మా కోసం రెండో వైపు తలుపు కూడా తెరిచి పట్టుకున్నాడు. "కూసో భాయ్, దుకాణం దాక నేనే తీస్కపోత" అన్నాడు. డ్రైవర్‌గా అతని మొదటి డ్యూటీ అది. ఒంటెలు కూడా లేని ఖాళీ రోడ్డు మీద ప్రతి మలుపుకూ సిగ్నల్ వేశాడు, అద్దాలు రెండూ చూశాడు. పక్కన కూర్చున్న బాషా భాయ్ నవ్వకుండా కిటికీ వైపు తిరిగాడు. పంచరు దుకాణం పఠాన్ అర రియాలుకు చక్రం బాగుచేసి, మా పాత స్టెప్నీ రబ్బరు పగుళ్లు చూపించి తల అడ్డంగా ఊపాడు. అక్కడే వాడిన టైరు ఒకటి బేరమాడి కొన్నాం.

తోటలు చూడటం మధ్యాహ్నానికి గానీ కుదరలేదు. రాజయ్య పని చేసే తోటలో ఫలజ్ కాలువ గలగలా పారుతోంది. ఊరంతా వంతులవారీగా పంచుకునే నీళ్లు అవి. చెట్ల నీడలో కాళ్లు ఆ నీళ్లలో పెట్టుకుని, పెద్ద పళ్లెంలో అన్నం, చేప తిన్నాం. రాజయ్య పార తెచ్చి తోట గోడకు ఆనించి, మా పక్కన కూర్చున్నాడు. సమాయిల్ వెళితే కోటకంటే ముందు ఆ కాలువ వెంట నడవండి, సాయంత్రం ఎండ వాలాక.

ఘాలాకు చేరేసరికి రూమ్‌లో అందరూ ఉన్నారు. ఖాళీ గోనెసంచి చూసి ఒకరిద్దరు గట్టిగానే అరిచారు. బాషా భాయ్ చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "పెళ్లికొడుకు ఇల్లరికం పోయినాడప్పా. ఇంక ఎవుని సంసారం వాడు సూసుకోండి" అన్నాడు. ముందు బాషా భాయ్, తర్వాత ఒక్కొక్కరుగా సొంత స్టెప్నీలు కొనుక్కున్నారు. ఆ తర్వాత నేను ఒమాన్‌లో చాలా దూరాలు తిరిగాను, షినాస్ సముద్రం దాకా వెళ్లాను. ఏ బండి ఎక్కినా నాకు గుర్తొచ్చేది టైరు మీద పడి చటుక్కున లేచిన ఆ అధికారి చెయ్యి, ఆ వెంటనే నిజం చెప్పేసిన రాజయ్య. పాసింగ్ రోజున మేమంతా ఏళ్ల తరబడి గెలిచాం అనుకున్నాం. నిజంగా పాసయింది ఆ రోజు రాజయ్య ఒక్కడేనని నా గట్టి నమ్మకం.

మీరు బయలుదేరే ముందు ఒక పని చేయండి. పొద్దున్నే, ఇంజిన్ వేడెక్కకముందే, వంగి మీ స్టెప్నీని చేత్తో నొక్కి చూడండి. గాలి ఉందో లేదో చూసుకోండి. అది మీదేనా అని కూడా చూసుకోండి.