మా బావ వెనక్కి చాచిన చెయ్యి

ఇల్లు వేరు, గ్రౌండు వేరు అని మా బావకి చెప్పి ఒప్పించిన మనిషి ఇంకా పుట్టలేదు. పెళ్ళైన కొత్తలో మా అక్క ప్రయత్నించిందట. ఆయన అంతా శ్రద్ధగా విని, బుద్ధిగా తల ఊపి, మెడలో విజిల్ తీయకుండానే నిద్రపోయాడు. ఆయన హైస్కూల్లో ఆటల మాస్టారు. పిల్లలు ఆయన చాటున 'విజిల్ సారు' అంటారు. నేను ఎదురుగానే అంటాను. బావమరిదికి ఆ మాత్రం హక్కు కూడా లేకపోతే ఇక అక్కని ఇచ్చి ఏం లాభం?

ఆయనకి అన్ని ఆటలూ వచ్చు గానీ ప్రాణం మాత్రం రిలే పరుగు. నలుగురు అమ్మాయిలు, ఒక కర్ర. ఒకరి తర్వాత ఒకరు పరిగెత్తి కర్ర అందించుకోవాలి. అందుకునే పిల్ల ముందే పరుగు మొదలుపెట్టాలి, వెనక్కి మాత్రం చూడకూడదు. వెనక నుంచి వచ్చే పిల్ల దగ్గరకి రాగానే "ఇదిగో!" అని అరుస్తుంది. ఆ మాట చెవిన పడగానే చెయ్యి వెనక్కి చాచాలి, కర్ర అరచేతిలో పడాలి.

"వెనక్కి చూసిందంటే ఇచ్చేవాళ్ళ మీద నమ్మకం లేదని. నమ్మకం లేనివాళ్ళు నడవాలి, పరిగెత్తకూడదు" అంటాడు బావ. ఇంత గొప్ప మాట ఆయన రోజుకి పదిసార్లు అనకుండా ఉంటే ఇంకా గొప్పగా ఉండేది.

ఈ విద్య గ్రౌండ్లోనే ఆగితే బాగుండేది. ఆ ఇంట్లో ఎవరూ ఏ వస్తువునూ మొహం చూసి ఇవ్వరు. బావ అద్దం ముందు నిలబడి చెయ్యి వెనక్కి చాపుతాడు, అక్క "ఇదిగో" అంటుంది, తువ్వాలు చేతిలో పడుతుంది. బావ వాళ్ళమ్మ కుర్చీలోంచి కదలకుండా చెయ్యి వెనక్కి పెడుతుంది, కళ్ళజోడు వచ్చి పడుతుంది. ఇక మా మేనకోడలు మాటలు రాకముందే, ఎటు తిరిగి కూర్చున్నా సరే, "ఇదిగో" అంటే చాలు చెయ్యి వెనక్కి పెట్టేది, పాలగ్లాసు కోసం. నాకు చెప్పుల కొట్టుంది. ఒకరోజు ఎవరికో రసీదు ఇస్తూ "ఇదిగోండి" అన్నాను. అటు తిరిగి నిలబడ్డ మేనకోడలి చెయ్యి టక్కున వెనక్కి వచ్చింది. కొట్టంతా నవ్వింది, ఆ పిల్ల మూతి ముడుచుకుంది.

ఆ పిల్ల పరుగు గురించి చెప్పాలి. బస్సు కోసం తప్ప ఎన్నడూ పరిగెత్తని నాకే తెలుసు, ఆ స్కూల్లో దాన్ని మించిన పిల్ల లేదని. అయినా రెండేళ్ళుగా అది ఐదో మనిషి. అంటే ఎవరికైనా కాలు బెణికితే దిగాలి, లేకపోతే మంచినీళ్ళ సీసాలు మొయ్యాలి. ఎందుకంటే అది మాస్టారి కూతురు. నలుగురూ నాలుగు మాటలు అంటారని బావ భయం.

"నలుగురూ అనకపోయినా నేను అంటాను" అంది అక్క. "పరాయి పిల్లలకి చేసే న్యాయం మన పిల్లకి చెయ్యరేమండీ?"

పిల్లకి అది పదో తరగతి, ఆ స్కూల్లో చివరి ఏడు. ముక్కు మీద కోపం దానికి.

"ఈసారి కూడా గట్టు మీద కూర్చోబెడితే బూట్లు అటక మీద పడేస్తాను నాన్నా. మళ్ళీ దించను. చెప్తున్నా" అంది.

అలా అని ఊరుకునే పిల్ల కాదని బావకి తెలుసు. అందుకని ఎంపిక రోజున గడియారం లెక్కల టీచరు చేతిలో పెట్టి, తను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కూతురే ముందొచ్చింది. మళ్ళీ పరిగెత్తించాడు. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారి పరిగెత్తమంటే మిగతా పిల్లలే మొత్తుకున్నారు, "సార్, మీ అమ్మాయే గెలిచింది, మమ్మల్ని చంపకండి" అని.

పోటీ రోజు నేను కొట్టు మూసి మరీ వెళ్ళాను. మేనకోడలు నేనిచ్చిన బూట్లు వేసుకుని తాళ్ళు బిగించి ముడి మీద ముడి వేసింది. చిన్నప్పటినుంచీ అంతే. ముడి వెయ్యడం దాని వంతు, పరుగయ్యాక మోకాళ్ళ మీద కూర్చుని విప్పడం వాళ్ళ నాన్న వంతు.

ఇక్కడ మా బావ గురించి ఒక మంచి మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. రోజంతా గొంతు చించుకునే మనిషి, పోటీ మొదలైతే నోరు విప్పడు. విజిల్ తాడు పళ్ళ మధ్య పెట్టుకుని కొరుకుతూ నిలబడతాడు. "నేర్పాల్సింది నేర్పాను, ఇక వాళ్ళ పరుగు వాళ్ళది" అంటాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పరుగు మధ్యలో ఆయన అరవగా ఎవరూ వినలేదు.

ఆ రోజు అరిచాడు.

మూడో అమ్మాయి కర్రతో అందరికన్నా ముందు వస్తోంది. మా మేనకోడలు పరుగు అందుకుంది. జనం లోపలికి రాకుండా తాడు కట్టిన చోట, దానికి పక్కనే మా బావ. మూడో అమ్మాయి ఇంకా దూరంలో ఉండగానే, బావ నోట్లోంచి విజిల్ తాడు జారిపోయింది, మాట కూడా జారిపోయింది.

"ఇదిగో!"

పిల్ల చెయ్యి వెనక్కి వచ్చేసింది. అందులో కర్ర లేదు, పాలగ్లాసూ లేదు, గాలి తప్ప. చెయ్యి వెనక్కి పెట్టి పరిగెడితే వేగం ఎక్కడుంటుంది? కర్ర చేతిలో పడేసరికి ఇద్దరు దాటిపోయారు. ప్రాణాలు పెట్టి పరిగెత్తి ఒకర్ని దాటింది గానీ రెండోదాన్ని దాటలేకపోయింది. రెండో స్థానం.

"సొంత కూతుర్ని పెట్టుకుంటే ఇంతే మరి" అన్నారెవరో వెనక. రెండేళ్ళు భయపడిన మాట రానే వచ్చింది.

మర్నాడు ప్రార్థన దగ్గర బావ స్కూలంతటి ముందూ నిలబడి, "తప్పు అమ్మాయిది కాదు, నాది. నేనే అరిచాను" అన్నాడు. నాలాగా దగ్గర్లో ఉన్నవాళ్ళు తప్ప ఆ గోలలో ఆ అరుపు ఎవరూ వినలేదు, అందరూ జాలిగా నవ్వారు. హెడ్మాస్టారు భుజం తట్టి, "తండ్రి మనసు కదండీ, అర్థమవుతుంది" అన్నారట. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి నిజం చెబితే, కూతుర్ని వెనకేసుకొస్తున్నాడని నమ్మింది లోకం. నాకైతే ఆ హెడ్మాస్టారికి బిగుతు బూట్లు అమ్మాలన్నంత కోపం వచ్చింది.

మేనకోడలు పోటీ రోజు సాయంత్రమే ముడులు విప్పకుండా బూట్లు ఊడబీకి అటక మీదకి విసిరేసింది. మొదటి రెండు జట్లూ పై పోటీకి వెళ్ళాలి. దానికి వెళుతుందో లేదో చెప్పదు. బావ అడగడు. ఆ ఇంట్లో "ఇదిగో" అన్న మాటే మాయమైపోయింది. బావ ఏదివ్వాలన్నా చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, మొహం చూసి ఇస్తున్నాడు. పాపం ముసలావిడ చెయ్యి వెనక్కి పెట్టుకుని కూర్చుంటే కళ్ళజోడు ముందు నుంచి వస్తోంది. "వీడికేమైందే?" అని అక్కని అడిగింది. నాకు నవ్వొచ్చింది. అయినా వెళ్ళినప్పుడల్లా ఆటపట్టించే నేను, ఆ వారం బావ మొహం చూసి నోరు మూసుకున్నాను.

మేనకోడల్ని కొట్లో పట్టుకున్నాను. "నాన్న మీద ఇంకా కోపమేనా?"

"నాన్న మీద కాదు మామయ్యా, నా మీదే" అంది. "గ్రౌండంతా అరుస్తోంది కదా. అంతమందిలో నాకు నాన్న గొంతొక్కటే వినిపించింది. చంటిపిల్లలా చెయ్యి చాచేశాను."

"ఆ ముక్క నాన్నకి చెప్పొచ్చుగా?"

"నాకు సిగ్గు" అంది.

పై పోటీకి సాధన మొదలయ్యే రోజు పొద్దున్నే నేను ముసలావిడ చెప్పులు బాగుచేసి పట్టుకెళ్ళాను. బావ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు, వీపు ఇంట్లోకి పెట్టి. ఇంతలో వెనక నుంచి వినపడింది.

"ఇదిగో."

బావ చెయ్యి వెనక్కి వెళ్ళింది, చూడకుండానే. అరచేతిలో ఒక బూటు పడింది. ముడి మీద ముడి, ఆ రోజు వేసింది వేసినట్టే.

"విప్పు నాన్నా, టైమవుతోంది. నీ గొంతు నాకు ఎక్కడున్నా వినపడుతుంది, అందుకని అక్కడ మాత్రం నోరెత్తకు" అంది మా మేనకోడలు.

బావ "ఊఁ" అన్నాడు. వెనక్కి తిరగలేదు. బూటు ఒళ్ళో పెట్టుకుని ముడి మీదకి వంగాడు.

చెప్పుల కొట్టువాణ్ణి, ముడుల సంగతి నాకు తెలుసు. ఎంత బిగుసుకున్నా అది బావకి క్షణం పని. కానీ ఆయన వేళ్ళు ఆ తాడు మీద తిరుగుతూనే ఉన్నాయి, ముడి మాత్రం విడటం లేదు.

"ఏవండీ, కనపడటం లేదా? లైటు వెయ్యనా?" అంది అక్క లోపల్నుంచి.

"వద్దులే, కొంచెం మసకగా ఉంది అంతే" అన్నాడు బావ.

పొద్దుటి ఎండ నేరుగా ఆయన ఒళ్ళోనే పడుతోంది.