లెక్కలోకి రాని పని

డెల్మా స్టర్జిల్ జీవితంలో ఉద్యోగం అన్నది రెండు ముక్కలు. బడి వంటగదిలో కొన్నాళ్ళు, ఆ బడి మూతపడేదాకా. కిరాణా కొట్లో కొన్నాళ్ళు, ఆ కొట్టూ మూతపడేదాకా. కెంటకీ కొండల్లో బొగ్గు గనులు ఆగిపోయాక ఒక్కో తలుపూ అలా మూసుకుంటూనే పోయింది, అందులో డెల్మా తప్పేమీ లేదు. భర్త లాంజో గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నలభై ఏళ్ళు నిండకుండానే వెళ్ళిపోయాడు. పిల్లలు లేరు. యాభై దాటిన డెల్మా స్పైస్‌వుడ్ లోయ చివర, రేకుల ఇంట్లో ఒక పిల్లిని పెట్టుకుని బతికేది.

ఉద్యోగం లేదు గానీ ఆమెకు కాలు నిలిచేది కాదు. గట్టు మీద పక్కింట్లో వెస్టా అత్త ఉంది. ఎనభై దాటిన మనిషి, చూపు ఆనదు, కాళ్ళు వాచిపోయి ఉంటాయి. ఎవరికీ చుట్టం కాదు గానీ లోయంతటికీ ఆమె అత్తే. తెల్లారేసరికి డెల్మా ఆ ఇంటికి చేరి పొయ్యిలో బూడిద తీసి, బొగ్గు వేసి రాజేసేది. ముసలామెకు ఒళ్ళు తుడిచి, జుట్టు దువ్వి, ఉడికించిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే ఎదురుగా కూర్చుని తినిపించేది. వెస్టాకొచ్చే కాస్త పింఛనూ కరెంటుకీ మందులకీ చాలేది కాదు. ఆ గింజలూ పిండీ అన్నీ, పేదలకు సరుకుల కోసం సర్కారు ఇచ్చే డెల్మా తిండి కార్డు మీద వచ్చేవే.

"రొట్టె మాడ్చావేమే?" అనేది వెస్టా.

"మాడలేదత్తా, ఎర్రగా కాలింది."

"నా కళ్ళు పోయాయి గానీ నాలుక పోలేదు. మీ అమ్మా ఇట్లాగే మాడ్చేది. సర్లే, ఇంకో ముక్క పెట్టు."

ఆ రెండో ముక్క కోసమే తిట్టిందని ఇద్దరికీ తెలుసు.

పిల్లలు లేనివాళ్ళు, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు వారానికి ఇరవై గంటలు పని చేస్తున్నట్టు చూపించాలి, లేకపోతే మూడు నెలలకు తిండి కార్డు ఆగిపోతుంది. ఈ నియమం ఎప్పటినుంచో ఉంది. అయితే పనులు దొరకని ప్రాంతాలకు మినహాయింపు ఇచ్చేవారు. డెల్మా వాళ్ళ కౌంటీకి ఏళ్ళ తరబడి ఆ మినహాయింపు నడిచింది కాబట్టి లోయలో ఎవరికీ ఆ నియమం సంగతే తెలియదు. ఆ ఏడు ఆకులు రాలే కాలంలో దాన్ని ఎత్తేశారు. కౌంటీలో నిరుద్యోగం తగ్గిపోయిందట! తగ్గక ఏం చేస్తుంది? వయసులో ఉన్నవాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని పక్క రాష్ట్రాలకు పోయారు. ఉన్నవాళ్ళు పని కోసం తిరిగి తిరిగి విసిగిపోయి తిరగడం మానేశారు. వెతకడం మానేసినవాడు నిరుద్యోగుల లెక్కలోకి రాడు. ఊరు ఖాళీ అయిన కొద్దీ కాగితం మీద బాగుపడింది. ఇంతకంటే ఒళ్ళు మండే లెక్క ఇంకోటి ఉంటుందా?

పిలుపు వస్తే డెల్మా పట్నంలోని తిండి కార్డుల ఆఫీసుకు వెళ్ళింది. బల్ల అవతల టామ్రా కూర్చుని ఉంది. పక్క వాగు ఒడ్డునుండే పిల్లే, డెల్మా బడి వంటగదిలో ఉన్న రోజుల్లో ఆమె చేతి తిండి తిని పెరిగింది. ఎలాగైనా ఈమె కార్డు నిలబెట్టాలని ఆ పిల్లకు నిజంగానే ఉంది.

"పిన్నీ, కౌంటీకున్న మినహాయింపు పోయింది. ఇక ఎవరి కారణం వాళ్ళే చెప్పుకోవాలి. మీకు నడుం నొప్పో, మోకాళ్ళ నొప్పో ఏమన్నా ఉందా?"

"నాకేం రోగం? ఇద్దరు మనుషుల చాకిరీ ఒక్కదాన్నే చేస్తా."

టామ్రా తల పట్టుకుంది. "అయ్యో, అట్లా అంటే ఎట్లా పిన్నీ! పోనీ, మంచాన పడ్డవాళ్ళనెవరినైనా మీరు చూసుకుంటున్నారా?"

"మా ఇంట్లో నేనూ, పిల్లీ. పిల్లి బానే ఉంది."

"మీ ఇంట్లోవాళ్ళే కానక్కర్లేదు. బయటవాళ్ళయినా పర్లేదు."

"లేదమ్మా. ఎవరూ లేరు."

ఆమె అబద్ధమాడలేదు. చూసుకోవడం అంటే తెల్ల బట్టలేసుకుని నర్సులు చేసేదని ఆమె అనుకుంది. పక్కింటి ముసలామెకు పొయ్యి రాజేసి ఇంత తిండి పెట్టడాన్ని ఆ లోయలో ఎవరూ ఎన్నడూ పని అనలేదు. దానికి వాళ్ళ దగ్గర పేరే లేదు. పేరున్నా ఆమె నోరు విప్పి ఉండేది కాదేమో. నేను ఫలానా మనిషికి ఇంత చేస్తున్నానని ఆఫీసులో కూర్చుని చెప్పుకోవడం ఆ కొండ మనుషుల దృష్టిలో సిగ్గుమాలిన పని. వెస్టా పేరు ఒక్కటి చెప్పి ఉంటే కార్డు ఆగేది కాదు. ఆ పేరు ఆమెకు తట్టనే లేదు.

మూడు నెలలు గడిచాయి. మంచు బాగా పడుతున్న రోజుల్లో కార్డు ఆగింది. టామ్రాయే ఒక దారి చూపించింది. పట్నంలో పాత బట్టలు పేదలకు పంచే ధర్మ దుకాణం ఒకటుంది. అక్కడ జీతం లేకుండా పనిచేసినా గంటలు లెక్కలోకి వస్తాయి, నెల నిండితే కార్డు మళ్ళీ మొదలవుతుంది. డెల్మా వెంటనే సరేనంది. పాత ఇనుము అమ్ముకునే హోబర్ట్ తన బండిలో తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు.

"జీతం లేని ఉద్యోగానికి నన్ను డ్రైవర్ని చేశావక్కా. నాకూ జీతం లేదు. ఇద్దరం ఇట్లాగే కష్టపడితే మేడలు కట్టేస్తాం," అనేవాడు.

"ముందు నీ బండికి రెండో లైటు పెట్టించరా, తర్వాత మేడ కడుదువు గానీ."

వెస్టాకు మాత్రం ఆమె నిజం చెప్పలేదు. కార్డు పోయిందని తెలిస్తే ముసలామె ముద్ద ముట్టదు. "పట్నంలో బట్టల కొట్లో పని దొరికిందత్తా," అని చెప్పింది.

వెస్టా మొహం వెలిగిపోయింది. "దొరికిందా! లాంజో ఉంటే ఎంత మురిసిపోయేవాడే! ఇక నా గొడవ పెట్టుకోకు. పని చేసుకునే మనిషివి, నా చుట్టూ తిరుగుతూ కూర్చుంటే వాళ్ళు ఊరుకుంటారా?"

ఆ నెలంతా డెల్మా ఒక్క కంచానికే వండింది. గింజల సంచి రోజురోజుకీ తేలికవుతోంది. "నువ్వు తినవేమే?" అని వెస్టా అడిగితే, "కొట్లో పెట్టారత్తా," అనేది. కొట్లో ఎవరూ ఏమీ పెట్టేవారు కాదు. అడిగితే పెట్టేవారేమో, ఆమె అడిగే రకం కాదు. చిన్న పిల్లల స్వెట్టర్లు మడతపెడుతుంటే కళ్ళు తిరిగేవి, కాసేపు బల్ల పట్టుకుని నిలబడి మళ్ళీ మడతపెట్టేది. రొట్టె వెస్టాకు తినిపించాక పెనానికి అంటుకున్న మాడు గీరి తినేది.

ఆకలి ఆమెను చంపలేదు. కొట్టిన దెబ్బ ఇంకోచోట తగిలింది.

ఒకరోజు పొద్దున్నే డెల్మా బొగ్గు నిండా వేసి, పొయ్యి రాజేసి వెళ్ళింది. మధ్యాహ్నానికి చలి గట్టిపడింది. మామూలు రోజుల్లో అయితే ఆ వేళకు డెల్మా మళ్ళీ వచ్చి బొగ్గు వేసేది. పొయ్యి ఆరిపోతోందని వెస్టాకు తెలిసింది. పని చేసుకునే మనిషికి తను బరువు కాకూడదని కూడా ఆమె మనసులో ఉంది. గోడ పట్టుకుని వసారాలోకి వెళ్ళి బొగ్గు బకెట్టు ఎత్తబోయింది.

సాయంత్రం హోబర్ట్ బండి మలుపు తిరగగానే డెల్మా పైకి చూసింది. వెస్టా ఇంటి పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. బండి ఆగకముందే తలుపు తీసుకుని దూకి పరిగెత్తింది. వసారాలో బొగ్గు చెల్లాచెదురుగా పడి ఉంది. ఆ బొగ్గు మధ్య వెస్టా పక్కకు ఒరిగి, చేతులు నీలంగా మారి పడి ఉంది. ఇంకా ప్రాణం ఉంది.

"ఎవరదీ? డెల్మావా?"

"నేనేనత్తా, నేనే. అయ్యో, నువ్వెందుకు లేచావు? నేను వచ్చేదాన్ని కదా!"

"కొట్లో ఏమన్నా అంటారేమో అని..." ముసలామెకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. "నా కోసం మధ్యలో లేచి రాలేదు కదా?"

"లేదత్తా. పని అయిపోయింది."

"అయితే మంచిదే," అంది వెస్టా.

తుంటి విరిగింది. చలికి ఊపిరితిత్తులు పట్టేశాయి. ఆసుపత్రిలో రెండు రోజులుండి పోయింది.

ఆ కొండల్లో చావు కబురు తెలియగానే ప్రతి ఇల్లాలూ ఒక గిన్నె పట్టుకుని బయల్దేరుతుంది. చర్చి కింది గదిలో బల్లలన్నీ నిండిపోయాయి. కోడి పులుసులో ఉడికిన పిండి ఉండలు, వేయించిన బంగాళాదుంపలు, పొరలు పొరలుగా పేర్చిన ఆపిల్ కేకులు. టామ్రా కూడా ఏదో వండుకుని వచ్చింది. గిన్నె దించుతుండగా పక్కన ఆడవాళ్ళ మాటలు చెవిన పడ్డాయి.

"డెల్మా లేకపోతే ఈ ముసల్ది ఎప్పుడో పోయేది. ఎన్నేళ్ళు చేసింది! నీళ్ళు పొయ్యడం, తినిపించడం, అన్నీ తనే."

టామ్రా గిన్నె మూత కూడా తీయలేదు. నేరుగా డెల్మా దగ్గరికొచ్చింది.

"పిన్నీ, నేను అడిగా కదా. ఎవరినైనా చూసుకుంటున్నారా అని అడిగా కదా!"

"చూసుకోవడమేంటమ్మా. పక్కిల్లేగా," అంది డెల్మా.

"అదే చాలు పిన్నీ. మీ కార్డు ఆగకపోవడానికి అదొక్కటే చాలు. మీరు ఆ బట్టల కొట్టుకు పోనే అక్కర్లేదు."

డెల్మాకు మొదట ఆ మాట ఎక్కలేదు. మెల్లగా అర్థమైంది. కుర్చీలో కూలబడింది. అప్పుడే ఎవరో వచ్చి ఆమె చేతిలో నిండుగా వడ్డించిన పళ్ళెం పెట్టి వెళ్ళారు. గొంతు దిగదనుకుంది. ఊరికే ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత చెయ్యి ఆమె మాట వినలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆమె తింటూనే ఉంది. పళ్ళెం ఖాళీ అయ్యాక వేలితో పులుసు తుడుచుకుని నాకింది.

"చూడు టామ్రా, నాకు సిగ్గు లేదు," అంది ఏడుస్తూ. "అత్త పైన చర్చిలో పెట్టెలో పడుకుని ఉంది. నేనిక్కడ ఎట్లా తింటున్నానో చూడు."

టామ్రా పళ్ళెం తీసుకెళ్ళి ఇంకాస్త వడ్డించి తెచ్చింది. డెల్మా అది కూడా తినేసింది.