సగంలో లేపే మత్తు

నా వెన్ను విరగ్గొట్టింది మా అన్న. నాకు శత్రువులెవరూ లేకపోవడంతో ఆ పని ఇంట్లోవాళ్లే చూసుకోవాల్సి వచ్చింది.

తొంభైల మొదట్లో సంగతి. సూర్యాపేట నుంచి వడ్ల లారీ మీద మిర్యాలగూడ మిల్లుకు పోయాం. కాటా దగ్గర లారీ వరసలో ఉండగా మొగులు కమ్మింది. బస్తాల మీద పట్ట కప్పి తాడు కట్టాలి. అన్న కట్టిన ముడి రెండుసార్లు జారింది. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"తాడు ముడే వస్తలేదు, పెండ్లిల మూడు ముళ్లు ఎట్లేసినవన్నా? వదిన పట్టుకున్నదా?"

చెంప మీద కొట్టాడు. నేను కడుపులో తన్నాను. మా ఇంట్లో దీన్ని మాట్లాడుకోవడం అంటారు. ఆయన రెండు చేతులతో ఛాతీ మీద తోశాడు. లారీ మీది నుంచి వెల్లకిలా పోయి తూకం కాటా ఇనుప అంచు మీద పడ్డాను. వీపులో ఎండుకట్టె విరిచిన చప్పుడు నాకే వినిపించింది.

"లే! నాటకాలు బంద్ జెయ్!" అని అన్న పైనుంచి అరిచాడు.

చిన్నప్పటి నుంచి నాటకాలాడినవాణ్ని. ఎవరు నమ్ముతారు? హమాలీలు వచ్చి లేపబోతే నా కాళ్లు గోనెసంచుల్లా వేలాడాయి. అప్పుడు నమ్మారు.

సూర్యాపేట ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి హైదరాబాద్ పొమ్మన్నాడు. నాయిన దవాఖాన వరండాలోనే చెప్పు తీసి అన్నను కొట్టాడు. విడిపించబోయిన కాంపౌండర్‌కూ ఒకటి తగిలింది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసే డాక్టర్ ఉన్నమాట చెప్పాడు. విరిగిన ఎముక ముక్క నరాల మీదికి ఒరిగింది. కడ్డీలు వేసి సరిచేయాలి. సరిచేసేటప్పుడు నరం నలిగితే ఉన్న కదలిక కూడా పోతుంది. ఉన్న కదలిక ఎంత? కుడి పాదం కొంచెం, ఎడమ బొటనవేలు. నా నడక మొత్తం వాటి మీదే ఆధారపడి ఉంది.

తర్వాత మత్తు డాక్టరమ్మ వచ్చింది. మా ఊరడిగి, "మాది కోదాడేనయ్యా, పక్కూరోళ్లమే" అని కుర్చీ లాక్కుంది.

"రెండు దారులున్నాయి. ఒకటి, గ్యాస్ గట్టిగా పెట్టి పూర్తిగా నిద్రపుచ్చటం. నీకేమీ తెలీదు. కానీ కాలి దగ్గర కరెంటు చురక పెట్టి, అది వెన్నులోంచి తల దాకా చేరుతోందో లేదో చూసే మిషనుంది మా దగ్గర. గ్యాస్ ఎక్కువైతే దాని గీతలు పడిపోతాయి. నరం నలిగినా మాకు తెలీదు. రెండోది, గ్యాస్ తగ్గించి సూదిమందులతో తేలిగ్గా ఉంచటం. కడ్డీలు బిగించాక సగంలో నిన్ను లేపి కాళ్లు కదపమంటాం."

"వీపు కోసి ఉన్నప్పుడా మేడం?"

"అప్పుడే. నొప్పికి మందుంటుంది. తర్వాత నీకు గుర్తుండకపోవచ్చు."

గుర్తుండొచ్చు కూడా అన్నమాట.

"కోసి పెట్టి లేపుడేందమ్మా? మేకకు గూడ గట్ల జేయరు!" అన్నాడు నాయిన.

"నా తమ్మునికి నొప్పైతే మీ మిషన్ పలగ్గొడ్త," అన్నాడు అన్న.

"నొప్పి వెట్టింది నువ్వే గదరా," అని నాయిన ఆయన మెడ మీద ఒక్కటిచ్చాడు.

నేను రెండోదే అడిగాను. ధైర్యం కాదు. నొప్పి తెలియకుండా కాళ్లు పోయాయని సంబరపడే గుణం నాకు లేదు.

"మందు, కల్లు అలవాటుందా?" అంది ఆమె.

నాయిన నా తల దగ్గరే నిలబడి ఉన్నాడు. మెడలో తులసి పూసలు. కల్లు వాసన గడప తొక్కితే కర్ర లేపే మనిషి. "లేదు మేడం," అన్నాను. "మా ఇంటా వంటా లేదు," అన్నాడు అన్న.

ఊరి బయట కల్లు కాంపౌండులో మేమిద్దరం రోజూ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. నాయిన పడుకున్నాకే ఇల్లు చేరేవాళ్లం. అది చెట్టు నుంచి దిగిన కల్లు కాదు, నిద్రమందు కలిపిన కల్లు. తాగేవాళ్లందరికీ తెలుసు. అది లేక నా చేతులు అప్పటికే వణుకుతున్నాయి.

"చేతులెందుకు వణుకుతున్నాయి?"

"భయం మేడం."

"తేలిక మత్తుకి మోతాదు లెక్క నీ మాట మీదే కడతానయ్యా. అబద్ధమైతే నా మందు నీకు చాలదు. నేను లేపకముందే లేస్తావు, సుత్తి దెబ్బల కింద. కడ్డీలు వెన్నులో ఉండగా గింజుకుంటే ఇంక నేనూ ఏం చెయ్యలేను."

నేను నాయిన పూసల కేసి చూశాను. అన్న నోరు తెరిచాడు.

"దినాం తాగుతడు మేడం. మందు కల్లు. నేనే అలవాటు జేసిన."

నాయిన చేతికి సెలైన్ స్టాండు అందింది. ఇనుపది. అన్న కనుబొమ్మ చీలి, నెత్తురు చొక్కా మీద పడింది. ఆయన చేతులు అడ్డం పెట్టలేదు. నర్సు కేకలేస్తోంది.

"ఎంత తాగుతాడు?" అంది డాక్టరమ్మ, ఇదంతా రోజూ చూసేదే అన్నట్టు.

"రెండు సీసాలు. పండుగకైతే లెక్కుండదు."

"పండుగకు గూడనా!" అని నాయిన మళ్లీ ఎత్తాడు. ఇద్దరు వార్డుబాయ్‌లు పట్టుకున్నారు.

ఆపరేషన్ వాయిదా పడింది. ముందు నా వణుకు తగ్గించి, మోతాదు మార్చి, ఆ తర్వాతే బల్ల ఎక్కించారు.

నాకు గుర్తుంది. బోర్లా ఉన్నాను, గొంతులో గొట్టం. కళ్లు తెరుచుకోలేదు. నొప్పి లేదు గాని ఎవరో నన్ను రెండు దిక్కులా లాగి పట్టుకున్నట్టుంది. "కుడి పాదం కదుపు," అంది కోదాడ గొంతు. కదిపాను. "ఎడమ వేలు." కదిపాను. "ఎడమ వేలయ్యా!" కదిపాననే అనుకున్నాను. "రావట్లేదు సార్. మిషన్‌లో గీతలు బాగానే ఉన్నాయి, వేలు మాత్రం రావట్లేదు." బూతు తిడదామంటే నోట్లో గొట్టం. వీపులో ఇనుము కిర్రుమని వదులైంది. "మళ్లీ కదుపు." ఉన్న బలమంతా ఆ వేలికి పంపాను.

"వచ్చింది," అంది ఆమె. మళ్లీ చీకటి.

కాలి నుంచి తలకు పోయే దారినే మిషన్ చూస్తుందట. తల నుంచి కాలికి పోయే దారి వేరట. అందుకే లేపారని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

వార్డులో కళ్లు తెరిచేసరికి, కనుబొమ్మకు కుట్లతో అన్న నా దుప్పటి ఎత్తి పాదం కేసి చూస్తున్నాడు.

"కదుపు."

"జర ఆగు."

"కదుపుతవా, సంపాల్నా?"

కదిపాను. ఆయన అక్కడే నేల మీద కూలబడి భోరుమన్నాడు. దవాఖానల ఏడ్వద్దని నాయిన ఆయన వీపు మీద ఒక్కటి సరిచాడు.