సోమవారం తగ్గే తలనొప్పి

నాకు పొగ అలవాటు లేదని చాలా ఏళ్ళు గర్వంగా చెప్పుకున్నాను. మా నాన్న చుట్ట వెలిగిస్తే ముక్కు మూసుకుని వీధిలోకి పోయేవాణ్ణి. అలాంటివాణ్ణి కువైట్ వచ్చి, అబూ హలీఫాలో ఒక కాఫీ కొట్లో షీషాలు వెలిగించే పనిలో చేరాను. షీషా అంటే హుక్కాయే. పొగాకు చిప్ప మీద నిప్పులు సర్ది, పొగ చిక్కబడేదాకా మనమే నాలుగు దమ్ములు లాగాలి. తర్వాత గొట్టం మూతి మార్చి గిరాకీ చేతికివ్వాలి. రోజుకు యాభై షీషాల దాకా అలా లాగేవాణ్ణి. అది పొగతాగడమని నాకెన్నడూ తట్టలేదు. వంటవాడు ఉప్పు చూస్తే భోంచేసినట్టా?

డ్యూటీ ఎక్కిన రెండు గంటలకల్లా తలనొప్పి మొదలయ్యేది. కణతలు అదిరేవి, కడుపులో తిప్పేది, గుండెల మీద బరువు. సెలవు దొరికే సోమవారం మాత్రం హాయిగా ఉండేది. ఆ రోజే సముద్రం ఒడ్డున కూర్చుని ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. ఇంకేముంది, ఇది ఇంటి మీద బెంగేనని నాకు నేనే తేల్చేసుకున్నాను.

“నీతో మాట్లాడితే చాలే, నొప్పి ఎటుపోద్దో తెలీదు,” అన్నాను మా ఆవిడతో.

“అయితే సోమారం నేనెక్కడికీ ఎల్లనండి,” అంది. అన్నట్టే వారానికి ఆ ఒక్కరోజు కొబ్బరి పీచు పని మానేసింది. మేస్త్రీ సణిగినా వినలేదు. నా కోసం ఒక మనిషి పని మానుకుని కూర్చుంటోందంటే ఎంత పొంగిపోయానో.

ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళు తక్కువ. నా గదిలో ఉండే రాయచోటి డ్రైవరుకీ నాకూ డ్యూటీలు కలవవు. అతను సిగరెట్లు మానేసి వేప్, అదే బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ సిగరెట్, పట్టాడు. తలుపు తీయగానే మామిడిపండు వాసన వస్తే, ఇప్పుడే వెళ్ళాడన్నమాట అనుకునేవాణ్ణి. ఒకసారి అడిగితే నవ్వాడు. “ఇది పొగ కాదు బాయ్, ఆవిరి. ఇడ్లీ పాత్రలో వచ్చే మాదిరే!”

ఒక సాయంత్రం నిప్పుల పళ్ళెం పట్టుకుని వెళ్తూ కళ్ళు తిరిగి బల్లల మధ్య కూలబడ్డాను. మేనేజరు క్లినిక్‌కు పంపాడు.

“పొగ తాగుతావా?” అని డాక్టరు హిందీలో అడిగాడు.

“ఛ, లేదు సార్.”

“ఏం పని?”

చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపేశాడు. ఒక చిన్న యంత్రంలోకి ఊదించి, అందులో అంకె చూసి, “సెలవు రోజు నొప్పి ఉండదు, అవునా?” అన్నాడు. నా గుట్టు ఎవరో బయటపెట్టినట్టయింది. సీసాలో నీళ్ళు పొగను చల్లబరుస్తాయే గాని శుభ్రం చేయవట. బొగ్గు నుంచి వచ్చే విషవాయువు రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుందట. ఒక రోజు దూరంగా ఉంటే దిగిపోతుందట.

నా గదిలో ఉండే డ్రైవరు సంగతీ అడిగాను. వేప్‌లో బొగ్గు లేకపోయినా నికోటిన్ ఉంటుంది, గుండె దడ పుడుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఊపిరితిత్తులకూ మంచిది కాదన్నాడు. ఆ మాట చేరవేస్తే అతని మొహం పాలిపోయింది. “దానికేనా బాయ్, గుండె దడదడ కొట్టుకుంటాండేది! చాయ్ ఎక్కువైందనుకుంటి.”

మేనేజరును బతిమాలి జ్యూస్ కౌంటరుకు మారాను. రెండు వారాల్లో అన్ని రోజులూ సోమవారంలాగే అయ్యాయి. గుండెల మీద బరువు మాత్రం పూర్తిగా పోలేదు. అది బొగ్గుది కాదు మరి, నాదే.

తర్వాతి సోమవారం ఫోన్ చేశాను. నిజం చెప్పాలి, ఇక పనికి వెళ్ళమనాలి అనుకుంటూనే చేశాను. నేను నోరు తెరిచేలోగా తనే అడిగింది.

“తలనొప్పి ఎలాగుందండీ? ఈ వారం బాగా వచ్చిందా?”

నొప్పి వచ్చి పది రోజులు దాటింది. ఆమె కూలి పోగొడుతున్నానని తెలుసు, సిగ్గుగానూ ఉంది.

“వచ్చిందే, బాగా వచ్చింది,” అన్నాను. “కాసేపు మాట్లాడు, తగ్గుద్ది.”