స్టవ్వుల పర్వతాలు ఒక్కసారే చూడడం నేర్చుకున్న వైనం

పద్మారావు నగర్‌లో ఏ ఇంట్లోనైనా గ్యాస్ మంట నీలంగా కాకుండా పసుప్పచ్చగా లేచిందంటే, ఆ ఇల్లాలు ముందు చేసే పని పర్వతాలుకు ఫోన్ కొట్టడం. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. పర్వతాలు ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. మొదట తన ఇంటి స్టవ్వే విప్పాడు. ఆ రోజు పాడు చేశాడు, మర్నాడు బాగు చేశాడు, ఆ మర్నాడు పక్కింటివాళ్ళు పిలిస్తే వెళ్ళాడు. అంతే, మెకానిక్ అయిపోయాడు.

మోపెడ్ మీద ఒక రేకు పెట్టె. అందులో రెండు పానాలు, గ్రీజు డబ్బా, మసి తీసే సన్న తీగ, ఒక సీసాలో సబ్బునీళ్ళు. పని అయ్యాక గొట్టం అతుకుల మీద కుంచెతో సబ్బునీళ్ళు పూస్తాడు. బుడగ లేచిందా, గ్యాస్ లీకవుతున్నట్టు. లేవలేదా, పెట్టె సర్దుకోవచ్చు. అంతకు మించిన పరీక్ష ఆ పనిలో లేదు. ఇరవై నాలుగేళ్ళ పాటు ఒక్కో ఇంట్లో ఒక్కసారే పూసి, ఒక్కసారే చూసి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయాడు.

రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం కామేశ్వరమ్మ ఫోన్ చేసింది. కాకినాడ వైపు నుంచి వచ్చి ముప్పయ్యేళ్ళుగా ఆ కాలనీలోనే ఉంటున్న మనిషి, పర్వతాలుకు పాత గిరాకీ. పొద్దునే ఆమె స్టవ్ బాగు చేసి వచ్చాడు. "పర్వతాలూ, గ్యాసు వాసన కొడుతోందయ్యా, నా గుండె దడదడలాడిపోతోంది" అంది. పర్వతాలు చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు. వంటిల్లంతా వెతికితే దొరికింది, ఫ్రిజ్ వెనక పడి కుళ్ళిన ముల్లంగి దుంప. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె కాఫీ కూడా ఇచ్చింది.

ముల్లంగి చెత్తబుట్టలోకి పోయింది గానీ, అనుమానం పర్వతాలుతోనే వచ్చేసింది.

మర్నాటి నుంచి పని ముగించి వీధి చివరిదాకా వెళ్ళేసరికి కడుపులో ఏదో మెలిపెట్టేది. నాబు పూర్తిగా తిప్పానా? ట్యూబు క్లిప్పు బిగించానా? ఎవరో ఆడమనిషి అగ్గిపుల్ల గీస్తున్నట్టు కళ్ళ ముందు కనబడేది. వెనక్కి తిప్పి, బెల్లు కొట్టి, "పానా మర్చిపోయినమ్మా" అంటూ లోపలికి దూరి ఒకసారి చూసి వచ్చేవాడు. వచ్చాక రెండు నిమిషాలు హాయి. మళ్ళీ మెలి. కొన్నాళ్ళకు పానా నిజంగానే వదిలి రావడం మొదలుపెట్టాడు, తిరిగి వెళ్ళడానికి ఒక సాకు ఉండాలి కదా.

"నీ పానాకు కాలనీల అందరి ఇండ్లు ఎరుకే. మన ఇల్లొక్కటే ఎరుక లేదు" అంది భార్య లచ్చమ్మ.

రోజుకు ఎనిమిది ఇళ్ళు తిరిగేవాడు మూడుకు పడిపోయాడు. ఆ మూడు ఇళ్ళకే తొమ్మిది సార్లు తిరిగేవాడు. ఈ సంగతి తెలిసి లచ్చమ్మ తమ్ముడు తుకారాం ఒక మార్గం చూపించాడు.

"బావా, యాప్రాల్ల మా అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ కావాల్నట. కుర్సీల కూసునుడే పని. నువ్వు ఊ అంటే సెక్రటరీతోని నేను మాట్లాడత. ఏ తక్లీఫ్ ఉండదు."

పర్వతాలు పెట్టెవైపు చూశాడు. ఇరవై ఆరేళ్ళ పెట్టె. అయినా ఊ అనబోయాడు. లచ్చమ్మ ఫోన్ లాక్కుంది.

"వాచ్‌మన్ అంటే ఏందిరా? గేటు చూసుడు, తాళం చూసుడు, మోటరు చూసుడు, మల్ల పోయి గేటు చూసుడు. ఈయన బీమారికి జీతమిచ్చి సాదుతరా వాళ్ళు? గా కుర్సీల కూసున్నడంటే ఇగ జిందగీల లేవడు. జెర ఆగు. ముందుగాల డాక్టర్‌కు చూపిస్త."

సెక్రటరీ నాలుగు నెలలదాకా పాత వాచ్‌మన్‌తోనే నెట్టుకొస్తానన్నాడు. ఆ గడువు పర్వతాలు తలలో మేకులా దిగబడింది. ఆలోపు బాగుపడితే పెట్టె, లేకపోతే కుర్చీ.

బస్తీ డాక్టర్ బీపీ చూసి, గుండె విని, సైకియాట్రిస్ట్‌కు చీటీ రాశాడు.

"నాకేమన్నా పిచ్చా సార్?" అన్నాడు పర్వతాలు.

"పిచ్చని ఎవరన్నారయ్యా? స్టవ్ ఖరాబైతే ఫ్రిజ్ మెకానిక్ దగ్గరికి పోతవా? ఏ పని వాళ్ళది ఆ పని."

ఈ లెక్క పర్వతాలుకు నచ్చింది. మాటలు చెప్పేవాళ్ళంటే అతనికి పడదు గానీ, పని తెలిసినవాళ్ళంటే ఎంత దూరమైనా వెళ్తాడు.

సైకియాట్రిస్ట్ పేరు డాక్టర్ నీహారిక. "రోజుకు ఎన్నిసార్లు వెనక్కి వెళ్తారు?" అని అడిగింది.

"మూడు, నాలుగు సార్లు మేడం."

"ఒక్కో ఇంటికి" అంది పక్కనుంచి లచ్చమ్మ.

డాక్టర్ నవ్వు ఆపుకుని రాసుకుంది. ఇంకా చాలా అడిగింది. నిద్ర, ఆకలి, చిన్నప్పటి సంగతులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని. చివరికి దీన్ని ఓసీడీ అంటారని, చాలామందికి ఉండేదేనని, చికిత్స ఉందని చెప్పింది. బిళ్ళలు రాసి, "పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండు రోజుల్లో తేడా లేదని ఆపేయకండి. బాగుందని కూడా మీ అంతట మీరు ఆపకండి" అంది.

"ఇవి ఏం జేస్తయ్ మేడం?"

"లోపలి ప్రెషర్ కొంచెం తగ్గిస్తాయి."

"అంటే రెగ్యులేటర్."

"అలాగే అనుకోండి. కానీ వెనక్కి వెళ్ళే అలవాటుకు బిళ్ళ ఒక్కటే చాలదు. పక్క గదిలో క్లినికల్ సైకాలజిస్ట్ యుగంధర్ గారున్నారు. ఆయన్ని కలవండి."

"ఆయన ఏం గోలీలిస్తడు?"

"ఆయన మందులు రాయరు. మీతో పని చేయిస్తారు."

లచ్చమ్మను మాత్రం ఇంకో గదిలోకి పిలిచారు. అక్కడ కల్పలత అనే సోషల్ వర్కర్, రోగి ఇంట్లో వాళ్ళు ఏం చేయాలో చెప్పే ఆవిడ. "ఆయన ఇంటికొచ్చి, స్టవ్ మంచిగనే బిగించిన కదా అని మిమ్మల్ని అడుగుతారా?"

"అడుగుతడు. నేను చూసినన్నా? అయినా మంచిగనే బిగించినవయ్యా అంట."

"ఎన్నిసార్లు?"

"అడిగినన్నిసార్లు."

"ఇకనుంచి అనొద్దు. మీరు ధైర్యం చెప్పినకొద్దీ ఆ అనుమానం బలుస్తది."

లచ్చమ్మ మొహం వెలిగిపోయింది. "గీ ముచ్చట కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యిండ్రి మేడం. గోడకు కొడత."

యుగంధర్ ముప్పై అయిదేళ్ళ మనిషి. గదిలో రెండు కుర్చీలు, ఒక నోటుబుక్కు. పర్వతాలు చుట్టూ చూశాడు. ఒక పనిముట్టు లేదు. ఇది మాటల దుకాణమే అనుకున్నాడు. యుగంధర్ మాత్రం ఎక్కువ మాట్లాడలేదు. ఏ ఇంటి స్టవ్ ఎంత భయపెడుతుందో సున్నా నుంచి నూరు దాకా చెప్పమని, మెట్లు మెట్లుగా రాసుకున్నాడు. అట్టడుగున పర్వతాలు సొంతిల్లు, ఇరవై. అన్నిటికంటే పైన కామేశ్వరమ్మ ఇల్లు, నూరు.

"నూటపది రాయొచ్చా సార్?"

"నూరు దాటితే పేజీ పట్టదు."

కింది మెట్టు నుంచి మొదలుపెట్టి, పని చేశాక వెనక్కి వెళ్ళకూడదు. అదీ షరతు.

మూడో వారం పర్వతాలు ఛాతీ విరుచుకుని వచ్చాడు. "హఫ్తా మొత్తంల ఒక్క ఇంటికి సుత తిరిగి పోలే సార్!"

యుగంధర్ అభినందించేలోపు పర్వతాలు జేబులో ఫోన్ టింగుమంది. మళ్ళీ టింగుమంది. నాలుగుసార్లు మోగాక, "అర్జెంటేమో, చూడండి" అన్నాడు యుగంధర్. పర్వతాలు ఫోన్ తీశాడు. వాట్సాప్‌లో ఒక ఫోటో. ఆపి ఉన్న స్టవ్ నాబు. కిందనే ఇంకో ఇంటి నాబు. పైకి జరిపితే అన్నీ నాబులే, ట్యూబులే. కొన్నిట్లో కూర గిన్నెలు, ఒకదాంట్లో ఎవరిదో బొటనవేలు. సగం పద్మారావు నగర్ వంటిళ్ళు ఆ ఫోన్‌లో ఉన్నాయి.

"ఇవేంటి?"

"సర్వీస్ సార్. పని అయినంక ఒక గంటకు ఫోటో పంపుమని చెప్తున్న. అందరు మస్తు ఖుష్ అయితున్నరు. కాలనీ గ్రూపుల నా పేరే. పర్వతాలు తీరుగ శ్రద్ధ ఎవ్వరికి లేదంటున్నరు."

యుగంధర్ నోరు మూసుకుని నవ్వు ఆపుకోబోయి, కుదరక పకపకా నవ్వేశాడు. పర్వతాలుకు కోపం వచ్చింది, తర్వాత తనకూ నవ్వొచ్చింది.

"మీరు పోలేదు పర్వతాలు గారు. నిజమే. మీ బదులు ఫోన్ పోతున్నది. ఇది సుత చెకింగే."

"గిరాకీలు మెచ్చుకుంటుంటే బంద్ చేయాల్నా?"

"వాళ్ళు మెచ్చుకుంటున్నది మీ పనిని కాదు, మీ జబ్బును."

ఆ మాట పర్వతాలుకు గుచ్చుకుంది. ఇరవై ఆరేళ్ళ పని తెచ్చిపెట్టని పేరు ఈ అనుమానం తెచ్చిందా? కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మాటలు చెప్పుడు అల్కగుంటది సార్. బిగించిన చేతికి తెలుస్తది."

"కరెక్టే" అన్నాడు యుగంధర్, అతనూ లేచాడు. "మాటలతోని అయ్యే పని కాదిది. నడవండి."

క్లినిక్ వెనక సిబ్బంది టీ పెట్టుకునే చిన్న గదిలో రెండు బర్నర్ల స్టవ్ ఉంది. మంట పసుప్పచ్చగా ఉందని చాలా రోజులుగా అందరూ చెప్పుకోవడమే తప్ప ఎవరూ పట్టించుకోలేదు. పర్వతాలు పెట్టె తెచ్చుకుని అరగంటలో మసి తీసి, బిగించి, సబ్బునీళ్ళు పూశాడు. బుడగ లేదు. యుగంధర్ ఆ గది తలుపు మూసి, అతన్ని కిందికి తీసుకెళ్ళి రోడ్డుకు అవతలున్న టీ కొట్టు ముందు నిలబెట్టాడు. నోటుబుక్కు తీశాడు, గడియారం చూశాడు.

"ఇప్పుడెంత?"

"ఎనభై."

అయిదు నిమిషాలకు, "ఇప్పుడు?"

"తొంభై అయిదు. సార్, పైన మీ వాళ్ళు పదిమంది ఉన్నరు. ఒక్కపారి పోయొస్త. పానా..."

"పానా మీ చేతిలోనే ఉన్నది."

చెమట కారింది. యుగంధర్ భయపడకండి అనలేదు, ఏం కాదు అనలేదు. అయిదేసి నిమిషాలకోసారి అంకె అడిగాడు, రాశాడు. టీ తాగి అతని పక్కనే నిలబడ్డాడు. తొంభై. డెబ్బై అయిదు. మళ్ళీ ఎనభై అయింది, అదీ రాశాడు. అరవై. నలభై నిమిషాలకు ముప్పై అయిదు.

"ఎవరు దించిన్రు సార్ దాన్ని?"

"ఎవ్వరు దించలే. మీరు పోయి ముట్టలేదు, అదే దిగింది."

పర్వతాలు ఆ నోటుబుక్కును తీసుకుని చూశాడు. గీత గీసినట్టు అంకెలు, పక్కన సమయాలు, ఒక కొట్టివేత లేదు. తను గ్యాస్ వచ్చే జెట్ రంధ్రంలో తీగ ఎంత ఓపికగా తిప్పుతాడో ఈ మనిషి అంత ఓపికగా నిలబడ్డాడు. "మీది సుత చేతిపనే సార్" అన్నాడు. అతని నోట అంతకంటే పెద్ద మెప్పు లేదు.

ఆ రోజే కాలనీ గ్రూపులో మెసేజ్ పెట్టాడు, ఇక ఫోటోలు పంపవద్దని. పెద్ద దుమారం లేచింది. సర్వీసు తగ్గించాడన్నారు, పొగరెక్కిందన్నారు. రెండు ఇళ్ళు వేరే మెకానిక్‌ను పిలుచుకున్నాయి. పర్వతాలు పళ్ళు బిగబట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. ఒకట్రెండుసార్లు జారాడు, వెళ్ళి యుగంధర్‌కు చెప్పాడు, అతను రాసుకున్నాడు. బిళ్ళలు మానలేదు. వారాలు గడిచేకొద్దీ మెలి వస్తూనే ఉంది గానీ, అరుపు తగ్గించుకుని వస్తోంది.

గడువు శనివారంతో ముగుస్తుంది. ఆ పొద్దునే కామేశ్వరమ్మ పిలిచింది. కొత్త మూడు బర్నర్ల స్టవ్, ఒక నాబు బిగుసుకుంది. పర్వతాలు గ్రీజు పెట్టి, బిగించి, సబ్బునీళ్ళు పూసి చూసి, పెట్టె మూశాడు.

"అదేవిటయ్యా, అప్పుడే? మామూలుగా నాలుగుసార్లు తడిమి చూస్తావుగా" అంది కామేశ్వరమ్మ. "మా ఆయన ఊళ్ళో లేరు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఇంకోసారి చూసిపోరాదూ?"

నూరు కాదు, పేజీ పట్టనంత లేచింది. పర్వతాలు చేతులు పెట్టె మీద బిగుసుకున్నాయి. "చూసినమ్మా. లీకు లేదు. బొల్లారంల ఇంకో స్టవ్ ఖరాబైందట, పోవాలె" అన్నాడు.

"మరీ ఇంత తొందరైతే ఎలా? బొల్లారంలో ఎవరో మహారాణి ఎదురుచూస్తున్నట్టు!"

"మహారాణి కాదమ్మా, రెండు దినాల సంది హోటల్ తిండి తింటున్న ఇల్లు."

ఆమె నవ్వింది. అతను మెట్లు దిగాడు.

బొల్లారం దగ్గర రైల్వే గేటు పడింది. గూడ్సు బండి, దానికి తోక ఎక్కడుందో తెలియదు. ముందు ఆటో, వెనక స్కూలు వ్యాను, పక్కన మేకపిల్లను ఒళ్ళో పెట్టుకున్న బండివాడు. బండి తిప్పడానికి సందు ఉంది. పద్మారావు నగర్ అరగంట దూరమే. కామేశ్వరమ్మ ఒక్కతే ఉంది. అగ్గిపుల్ల గీస్తోంది. తొంభై అయిదు, అనుకున్నాడు. తొంభై అయిదు.

అప్పుడే తుకారాం ఫోన్.

"బావా, సెక్రటరీ నా పక్కనే ఉన్నడు. వస్తవా, రావా? ఇంకొకన్ని చూసుకుంటడంట."

భయం దిగాక చెబుదామనుకున్నాడు పర్వతాలు. పది నిమిషాలాగి చేయమందామని నోరు తెరిచాడు కూడా. పది నిమిషాలకు దిగకపోతే? ఇది దిగేదాకా ఆగి ఆగి చేసే పనైతే, రేపూ ఎల్లుండీ ఏ పనీ చేయలేడు.

"రాను తమ్మీ" అన్నాడు. "ఇంకొకన్ని చూసుకోమను."

"అంటే బీమారి కమ్మైందా బావా?"

"యాడ కమ్మైంది? నెత్తి మీద కూసున్నది. కూసోనీ. నాకు పని ఉన్నది, పోవాలె."

తుకారాం ఏదో అంటున్నాడు గానీ గూడ్సు చప్పుడులో వినబడలేదు. చివరి పెట్టె దాటింది. గేటు లేచింది. పర్వతాలు ఒక క్షణం కదల్లేదు. వెనక వ్యాను హారన్ కొట్టింది, మేకపిల్ల బండివాడు "ఓ భయ్యా, చలో, నిద్రవోతున్నవా?" అని అరిచాడు. పర్వతాలు మోపెడ్ కిక్కు కొట్టి పట్టాలు దాటాడు.

బొల్లారం ఇంట్లో పాలు పొంగి పొంగి స్టవ్ నల్లగా కరుడు కట్టి ఉంది. ఆ ఇంటామె సిగ్గుపడుతూ పక్కన నిలబడింది. పర్వతాలు ఒంగి బర్నర్ వేలితో గీకి చూశాడు. గోరు కింద మసి చేరింది. ఇది తొందరగా తెమిలే పని కాదు.

"మంచిగ పాడైందమ్మా" అన్నాడు సంతోషంగా. "జెర పాత పేపర్ ఉంటే ఇయ్యిండ్రి. కింద పర్సుకుంట."